కోట గుమ్మం ముందు చెప్పని ఆమెన్

తరతరాలకు నివాసస్థలమైన దేవునికి స్తోత్రం. సింహాసనాల మీదివాళ్ళను దింపేవాడూ, మట్టిలోని వాళ్ళను లేవనెత్తేవాడూ ఆయనే. రాతిగోడ ఎంత మందమైనా ఆయన చూపుకు అడ్డు రాదు. ఇది రాయడానికి నాకు ధైర్యమిచ్చిన ఆ నామానికే మహిమ.

ఈ పరాయి దేశంలో, ములింగార్ అనే ఊరికి కాస్త దూరంలో, ఇళ్ళకు వెళ్ళి ముసలివాళ్ళను చూసుకోవడం నా పని. స్నానం చేయిస్తాను, మందులు ఇస్తాను, టీ పెడతాను, కాసేపు కూర్చుని మాట్లాడతాను. అలా నేను చూసుకునే వాళ్ళలో ఒక పెద్దాయన ఉన్నాడు. పెళ్ళి చేసుకోలేదు. గుండె బలహీనం, గది దాటితే ఆయాసం. ఆయన వంటింటి కిటికీలోంచి చూస్తే గొర్రెల పొలం, దాని అవతల ఒక పాత కోట. కోట అంటే ఇప్పుడు మిగిలింది ఒక్క బురుజు. పైనుంచి కింది దాకా పగులు. దాన్ని అల్లుకున్న తీగ ఆ గోడను నిలబెడుతోందో, పీక నొక్కుతోందో చెప్పలేం.

ఆ కోట కట్టిన ప్రభువులు తన పూర్వీకులని ఆయన నమ్మకం. ఉమ్మి సీసాలో పంపి వంశం తేల్చే పరీక్ష చేయించుకున్నాడు. లిమరిక్‌లో ఉండే మేనకోడలు సెలవుల్లో చర్చీలు తిరిగి పాత బాప్తిస్మాల వివరాలు వెతికి పెట్టేది. నేను బీపీ చూడడానికి పట్టీ చుడుతుంటే, "మెల్లగా. ప్రభువుగారి చెయ్యి అది," అనేవాడు.

"ప్రభువుగారైనా మాత్రలు మింగాల్సిందే," అనేదాన్ని.

ఆ పొద్దున మేనకోడలు ఫోన్ చేసింది. సందేహం లేదు, ఆ వంశమే. ఆయన సంతోషం పట్టలేక ప్రెస్‌లోంచి, అంటే వంటింటి అల్మారాలోంచి, మంచి కప్పులు తీయమన్నాడు. వాళ్ళ అమ్మ పోయిన తర్వాత ఆ కప్పులు ప్రెస్ దాటి బయటికి రాలేదట. సరిగ్గా అప్పుడే ఆ గొర్రెల పొలం రైతు గుడ్లు ఇవ్వడానికి వచ్చాడు. పెద్దాయన గుడ్లు అందుకోకముందే సంగతి చెప్పేశాడు.

రైతు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "గ్రాండ్. అయితే మావాళ్ళను ఉరి తీసినవాళ్ళ మనవడితో టీ తాగుతున్నానన్నమాట."

పెద్దాయన నవ్వాడు. రైతు నవ్వలేదు.

"కోట గుమ్మం పైన ఒక రాయి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, ఎప్పుడైనా చూశావా? అది దేనికనుకున్నావు, పూలకుండీకా?"

కరువులో ప్రభువు గాదెలోంచి గింజలు ఎత్తుకుపోయినవాళ్ళను ఆ రాతికి వేలాడదీశారని అతని ఇంట్లో చెప్పుకుంటారట. ఆడవాళ్ళను కూడా. "ఆ గుమ్మం ముందు మూల మా తాత దున్నలేదు, మా నాన్న దున్నలేదు, నేనూ దున్నను. గొర్రెలు కూడా అటు పోవు. నీకు కిటికీ ఉంది కదా, చూసుకో." కప్పు ఖాళీ చేసి, టీ బాగుందని నాకు చెప్పి వెళ్ళిపోయాడు.

పెద్దాయన చూశాడు. నేనూ చూశాను. పొలమంతా గొర్రెలున్నాయి. ఆ మూల గడ్డి మాత్రం ఎవరూ ముట్టక మోకాలి ఎత్తు పెరిగింది. అన్నాళ్ళు ఆ కిటికీ దగ్గరే పాత్రలు కడిగాను గానీ నాకూ ఎప్పుడూ కంటికి ఆనలేదు.

ఆ రోజు నుంచి కిటికీ తెర వేసే ఉంచమన్నాడు. తిండి తగ్గింది. ఒకరోజు కాళ్ళకు మేజోళ్ళు తొడుగుతుంటే అడిగాడు: "నువ్వు బైబిల్ చదువుతావు కదా. ఉరి తీసిన ఆ ప్రభువు రక్తమే నాలో ఉంది. చచ్చాక నన్నూ అతని దగ్గరికే పంపుతారా?"

తండ్రి దోషం కొడుకు మొయ్యడని ప్రవక్త చెప్పాడన్నాను.

"మూడు నాలుగు తరాల దాకా పట్టి పీడిస్తుందని బడిలో నన్‌లు చెప్పారే."

కనికరమైతే వెయ్యి తరాల దాకా ఉందన్నాను. ఆయనకు చాలలేదు. "నన్ను ఆ గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళు. అక్కడ అతని కోసం ప్రార్థన చెయ్యి. అతనికి క్షమాపణ దొరికితే నాకూ దొరుకుతుంది."

మా సంఘంలో పోయినవాళ్ళ కోసం ప్రార్థన చెయ్యం. బోమాంట్ అనే చోట మా తెలుగువాళ్ళ కూడిక నడిపే ఆంటీకి ఫోన్ చేశాను.

"సచ్చినోళ్ళ లెక్క దేవుని చేతుల ఉంటది బిడ్డా, దాన్ల మనం ఏలు పెట్టొద్దు. బతికున్నోడు నీ ముంగటనే ఉన్నడు గద, ఆయన కోసం చెయ్. చెయ్యనీకి భయమా?"

భయమే. కానీ మేనకోడలు సరేనన్నాక, నాకు సెలవున్న రోజు చూసి బయల్దేరాం. ఆయన మంచి కోటు వేసుకున్నాడు. చక్రాల కుర్చీని గడ్డిలో నెట్టడానికి రైతు సాయం పట్టాడు గానీ, ఆ మూల దగ్గరికి రాగానే చేతులు తీసేశాడు. "ఇక్కడి నుంచి మీరే."

ఆ ఎత్తు గడ్డిలో నేనొక్కదాన్నే నెట్టాను. గుమ్మంలోంచి చల్లటి గాలి, తడి మట్టి వాసన. బురుజు మీది కాకులు ఒక్కటీ అరవడం లేదు. ఆ రాయి సరిగ్గా మా తలల మీదే ఉంది. నేను అలవాటు ప్రకారం తల మీద స్కార్ఫ్ కప్పుకుని, బూట్లు విడిచి పక్కన పెట్టాను.

"బూట్లెందుకు విప్పావు?" అన్నాడు.

"మేము ప్రార్థనకు చెప్పులు విడుస్తాం. దేవుని ముందు నిలబడుతున్నాం కదా."

అంతటితో ఆగి ఉండాల్సింది. కానీ ఆ గుమ్మం చూస్తుంటే నోరు ఆగలేదు. మా ఊళ్ళో కూడా ఒక గడీ ఉండేదని, అది దొర కోట అని చెప్పాను. మా నాయనమ్మ అందులో వెట్టి చేసింది. కూలి లేదు, కాదనే హక్కు లేదు. ఆ గడీ ముందు నుంచి పోవాలంటే మావాళ్ళు చెప్పులు చేతిలో పట్టుకుని, తల వంచుకుని పోవాలి. తర్వాత మా తాత బాప్తిస్మం తీసుకున్నాడు. దేవుని ముందు తప్ప ఇంకెక్కడా చెప్పులు విడవనని నాయనమ్మ ఆ రోజు అన్నదట.

ఆయన నా ఉత్త కాళ్ళ వైపు చూశాడు. తర్వాత కుర్చీలోంచి ముందుకు వంగి నా బూట్లు అందుకోబోయాడు. ఊపిరి అందక ముఖం నల్లబడింది. పట్టుకుని వెనక్కి ఆనించాను.

"వేసుకో," అన్నాడు. "ఈ గుమ్మం ముందు వద్దు. ఇది నీ దేవుడి గుమ్మం కాదు."

వేసుకున్నాను. బూట్లతో నిలబడి ప్రార్థన చేయడం నా జీవితంలో అదే మొదలు. ఆయన పేరు పెట్టి, ఆయన ఒక్కడి కోసమే చేశాను. ఆమెన్ అన్నాను. ఆయన అనలేదు.

"మరి అతను?"

"అతను దేవుని చేతిలో ఉన్నాడు."

"అదే చేతిలో కదా నేనూ పడాల్సింది," అన్నాడు. పైనుంచి చిన్న రాయి ఒకటి రాలి కుర్చీ చక్రం పక్కన పడింది. కాకులన్నీ ఒక్కసారిగా లేచాయి. పైన ఎవరూ లేరు. నేను కుర్చీ తిప్పి, గేటు దాకా వెనక్కి చూడకుండా నెట్టాను.

ఆ వారంలోనే అంబులెన్స్ వచ్చింది. ఇప్పుడు ములింగార్ ఆసుపత్రిలో ఉన్నాడు, మేనకోడలు పక్కనే కూర్చుంటోంది. నేను పని అయ్యాక వెళ్ళి, చెయ్యి పట్టుకుని ప్రార్థన చేస్తున్నాను. కళ్ళు తెరిచి వింటాడు. చివర్లో నేను ఆగి ఎదురుచూస్తాను. ఆయన పెదవులు కదులుతాయి, మాట మాత్రం బయటికి రాదు. ఆక్సిజన్ మాస్కు వల్లనో, భయం వల్లనో నాకు తెలియదు. ఎక్కువ రోజులు లేవని నర్సు చెప్పింది.

చదువుతున్న మీరు ఏ సంఘం వాళ్ళయినా సరే, ఉన్నచోటే ఒక్క నిమిషం నాతో కలవండి. కోటలో పోయినవాళ్ళ కోసం అడగడం లేదు, ఊపిరి ఇంకా ఆడుతున్న ఈ ఒక్కడి కోసం అడుగుతున్నాను. తండ్రీ, ఈయనను తన పితరుల లెక్కతో కాదు, తన సొంత పేరుతో నీ ముందుకు రానివ్వు. ఆ భయం తీసివేయి. యేసు నామంలో అడుగుతున్నాం. ఆ చివరి మాట ఆయన అనేదాకా, ఆయన బదులు మీరు అనండి.