బోరబండలో ఖాళీ చేసిన డ్రమ్ము

విదేశాలకు సువార్త సేవకు వెళ్లేవాళ్లు అప్పుడప్పుడూ నన్ను సలహా అడుగుతుంటారు. నేను విలేకరిని, సేవకుణ్ని కాను. విదేశంలో సేవ చేసిందీ లేదు. అయితే తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజుల్లో, మన దేశానికి సేవకు వచ్చిన ఒక కెన్యా మనిషితో ఒక రోజంతా తిరిగాను. మేం వెళ్లింది మదీనాగూడ నుంచి బోరబండకు, రైల్లో రెండు స్టేషన్ల దూరం. అడిగినవాళ్లకు నేను చెప్పగలిగింది ఆ రెండు స్టేషన్ల ప్రయాణం గురించే.

ఆయన పేరు డేనియల్. నైరోబీలో బ్యాంకు ఉద్యోగి. వయసు నలభై దాటింది. ఎనిమిది వారాలు సెలవు పెట్టి వచ్చి మదీనాగూడలో మా చర్చి సంఘం అతిథిగృహంలో దిగాడు. ఆయన మాటలు తెలుగులో చెప్పాల్సిన మాస్టారు బంద్ వల్ల వరంగల్‌లో చిక్కుకుపోయారు. పక్క వీధిలో ఉంటాను కాబట్టి పాస్టరుగారు నాకు ఫోన్ చేశారు. అప్పటికే నేను ఆదివారం సంచికకు మారాను, బంద్ రోజు రోడ్డెక్కాల్సిన పని లేదు. ఒప్పుకున్నాను. హైటెక్ సిటీ ఆఫీసుల్లో ఊడ్చి తుడిచే పనికి వెళ్లే పన్నెండు మంది ఆడవాళ్లు బోరబండలో శాంతమ్మ అనే ఆమె ఇంట్లో పదింటికి కూడతారు. వాళ్లతో డేనియల్‌కు అదే తొలి పరిచయం. యేసు శిష్యులకు చేసినట్టు, ముందుగా వాళ్ల కాళ్లు కడిగి తన సేవ మొదలుపెట్టాలని ఆయన కోరిక. రెండు ప్లాస్టిక్ టబ్బులు, డజను తువ్వాళ్లు సంచిలో సర్దుకుని ఎనిమిదిన్నరకు గేటు దగ్గర నిలబడ్డాడు.

బస్సుల్లేవు. హైవే మీద టైర్లు కాలుతున్న వాసన. ఒక ఆటో అతను సందుల్లోంచి హఫీజ్‌పేట స్టేషన్‌కు తీసుకెళ్తానన్నాడు. మామూలుగా ఇరవై, ఆ రోజు నలభై.

"ఈ సార్‌ది ఏ దేశం?" అని దారిలో అడిగాడు.

"కెన్యా అండీ."

"గాడ గూడ ప్రత్యేక రాష్ట్రం కొట్లాట ఉన్నదా?"

డేనియల్‌కు చెప్తే నవ్వి, జిల్లాల కోసం కొట్లాటలున్నాయన్నాడు.

"అయితే మనోడే," అన్నాడు ఆటో అతను. అద్దంలో నావైపు చూశాడు. "మీరు గుంటూరా, సార్? 'అండీ' అన్నప్పుడే అనుకున్న. ఏం ఫికర్ జెయ్యకుండ్రి, దింపుత."

ఎమ్మెమ్టీఎస్ లోకల్ రైలు టికెట్టు ఐదు రూపాయలు. రైలు ముప్పావుగంట ఆలస్యంగా వచ్చింది. అప్పట్లో హఫీజ్‌పేట, హైటెక్ సిటీ స్టేషన్ల మధ్య రాళ్లగుట్టలు ఇంకా మిగిలే ఉండేవి. గుట్ట, అద్దాల మేడ, మళ్లీ గుట్ట. ఇప్పుడు ఆ రైలెక్కినప్పుడల్లా కిటికీలోంచి ఆ రాళ్ల కోసం వెతుకుతాను. బోరబండలో దిగి పావుగంట ఎక్కుడు నడక. చివర ముప్పై మెట్లు. పైనుంచి చూస్తే హైటెక్ సిటీ మేడలు చేతికందే దూరంలో ఉన్నట్టుంటాయి.

శాంతమ్మది మెదక్ దిక్కు. యాభై ఏళ్లుంటాయి. రెండు గదుల ఇల్లు. కూతురు సునీత పురుడు పోసుకుని ఇరవై రోజులైంది. ఆ సాయంత్రమే పిల్లాడికి పేరు పెట్టే ప్రార్థన. నార్సింగి నుంచి వియ్యాలవాళ్లు మొదటిసారి ఈ ఇంటికి వస్తున్నారు. మొత్తం ముప్పై మందికి భోజనాలు. ఇవన్నీ ఆమె గుమ్మంలోనే చెప్పింది. నేను డేనియల్‌కు క్లుప్తంగా చెప్పాను, కొంత వదిలేశాను.

"నీళ్లు ఎక్కడ దొరుకుతాయి?" అని డేనియల్ నన్నడిగాడు. వాకిట్లో మెట్ల కింద నీలం డ్రమ్ము కనిపించింది, మూత మీద బండ. "అదుగో," అన్నాను. ఇంటివాళ్లను అడగలేదు.

ఆడవాళ్లు గోడ వెంట వరసగా కూర్చున్నారు. డేనియల్ మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కరి కాళ్లు కడిగి, తుడిచి, పేరు పేరునా ప్రార్థించాడు. గౌరవం కోసం ప్రతి ఒక్కరికీ టబ్బులో కొత్త నీళ్లు పోశాడు. వాడిన నీళ్లు వాకిలి పక్క మురుగు మోరీలో పారబోశాడు. శాంతమ్మ వంతు ఆఖరున వచ్చింది. ఆమె కళ్లు ఒత్తుకుంది. అటుపక్క ఇద్దరు ముగ్గురు కూడా ఒత్తుకున్నారు. "చలించిపోయారు" అని నా నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

పదకొండు గంటలకు సునీత పసివాణ్ని పడుకోబెట్టి వాకిట్లోకి వచ్చి డ్రమ్ము మూత తీసింది.

"అమ్మా! డ్రమ్ముల నీళ్లేవే?"

సునీత టబ్బులు చూసింది, మోరీ చూసింది. "మంజీర నీళ్లు మళ్ల ఎల్లుండి గద వచ్చేది! పప్పు దేంట్ల ఉడకేస్తం? మా అత్తకు తాగెతందుకు ఏం ఇస్తం?"

మంజీర నీళ్లంటే బస్తీకి కుళాయిలో వచ్చే మంచినీళ్లు. బంద్ కాబట్టి ట్యాంకరూ రాదు. నీళ్ల క్యాన్లు అమ్మే దుకాణం మూసి ఉంది. శాంతమ్మను పక్కకు పిలిచి, ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఇంటికొచ్చిన మనిషి మోకాళ్ల మీద కూసుండి కాళ్లు కడుగుతుంటే నోరెట్ల లేస్తది, సార్? ఆయనకంటే తెల్వది. మీరన్న ఒక్క మాట అడుగొద్దా?" తర్వాత మెల్లగా అంది. "మేం పనిజేసే మేడలల్ల పొద్దంత నల్లాలు ఆగయి. ఈడ చెంబెడు చెంబెడు చూసుకొని వాడుతం. ఏడ్సింది గందుకే."

నోట్‌బుక్ తీసి "చలించిపోయారు" అన్న మాట కొట్టేశాను.

డేనియల్‌కు ఏమీ వదలకుండా చెప్పాను. ఆయన వంగి డ్రమ్ములోకి చూశాడు. "చిన్నప్పుడు మా ఇంటికీ నీళ్లు మోసుకొచ్చేవాళ్లం. మా ఇంట్లో ఈ పని చేసుంటే అమ్మ కొట్టేది," అన్నాడు. "ఇక్కడికి సేవ చేయడానికి వచ్చానని, తెలిసిందంతా మర్చిపోయాను." అందరి ముందూ క్షమాపణ చెప్తానని లేచాడు.

"మాఫీ తర్వాత అడుగుమను," అంది శాంతమ్మ. "ముందుగాల బిందె వట్టుమను."

రెండు సందుల కింద బోరింగు ఉంది, చేత్తో కొట్టేది. ఎండలో ఇరవై బిందెల వరస. పెద్ద పనుందని చెప్పి, పత్రికలో పనిచేస్తానని కూడా చెప్పి ముందుకు వెళ్లబోయాను.

"పేపర్ల రాసేటోనికి నీళ్లు ముందొస్తయా?" అంది ఒక ముసలావిడ. "బిందె వెట్టి ఎనుకకు పో, బిడ్డా."

అందరూ నవ్వారు. వెనక్కి వెళ్లాను. ఆమె పేరు లచ్చవ్వ, శాంతమ్మ ఎదురింటావిడ. బస్తీ కట్టినప్పటి నుంచీ అక్కడే ఉంటోంది. డేనియల్ సాయం చేద్దామని బోరింగు అందుకుని గబగబా కొట్టాడు. సగం నీళ్లు బిందె బయట పడ్డాయి.

"ఏ, ఏ! గట్ల గుంజితే బోరింగు నీ ఎంటనే వస్తది. జర ఆగి కొట్టుమను." డేనియల్ చేతి మీద చెయ్యి వేసి లచ్చవ్వే చూపించింది. ఈసారి కుదిరింది. "పనోడే! కొట్టనియ్యి, మా అందరికి కొడుతడు."

మా వంతు వచ్చేసరికి పన్నెండున్నర. నేను సంతోషంగా బిందె ఎత్తితే లచ్చవ్వ ఆపింది.

"గీ నీళ్లు వట్కపోయి ఏం జేస్తరు? సవ్వనీళ్లు. పొద్దుగూకినా పప్పు ఉడకది."

ఉప్పునీళ్లలో పప్పు ఉడకదని నాకూ తెలుసు. పొద్దున డ్రమ్ము చూపించినప్పటిలాగే, తెలిసింది గుర్తు రాకపోవడం ఆ రోజు నాకిది రెండోసారి. దారి కూడా లచ్చవ్వే చెప్పింది. ప్రతి ఇంట్లో కొన్ని మంజీర నీళ్లు ఉంటాయి, బోరింగు నుంచి మోసే తీరిక లేనప్పుడు బట్టలకూ బాసన్లకూ కూడా అవే వాడతారు. ఇంటికి రెండు బిందెలు బోరింగు నీళ్లు మోసి ఇస్తే, ఒక బిందె మంచినీళ్లు ఇస్తారు. ఆ బస్తీలో పెళ్లయినా చావైనా అలాగే గట్టెక్కుతారట.

"మరి నువ్విస్తవా, లచ్చవ్వా?" అని శాంతమ్మ అడిగింది.

"ముందు నా రెండు బిందెలు తెమ్మను. తర్వాత జూస్త."

మూడున్నర దాకా మోశాం. ఒక్కో ఇంటికి బోరింగు నుంచి రెండు బిందెలు, మధ్యలో ముప్పై మెట్లు. నాకు నాలుగో ఇంటికే నడుము పట్టేసింది. డేనియల్ ఒక్కడే మిగిలిన ఇళ్లకు మోశాడు. ఏ గడపలోనూ ఆయన ప్రార్థించలేదు, మాట్లాడలేదు. ఏ గోళెంలో పొయ్యమంటే అందులో పోశాడు. ఒకామె సరిగా కడగని బిందె అని తిప్పి పంపితే కడుక్కుని మళ్లీ తెచ్చాడు. చివరికి డ్రమ్ములో పదకొండు బిందెల మంచినీళ్లు చేరాయి. నాలుగింటికి పొయ్యి మీద పప్పు పొంగింది. శాంతమ్మ గరిటెతో ఒక గింజ తీసి వేళ్లతో నలిపి చూసింది. రెండో గిన్నెలో బియ్యం పోసింది.

వియ్యాలవాళ్లు రెండు మోటారుసైకిళ్ల మీద ఐదు దాటాక వచ్చారు. వియ్యపురాలు చెంబుతో నీళ్లు తాగి, మెట్ల మీద తడిసిన చొక్కాతో కూర్చున్న డేనియల్‌ను చూసింది.

"ఫారినోనితోని నీళ్లు మోపిచ్చినవా, వదినా?"

"పారబోసినోడే మొయ్యాలె గదా!" అంది శాంతమ్మ. వియ్యపురాలితో పాటు తనూ నవ్వింది. "ఎవ్వలో ఏంది, వదినా, ఇంటోడే. లోపలికి రమ్మను, పిలగానికి పేరు వెట్టుకుందం."

ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు డేనియల్‌కు ఇంగ్లీషులో చెప్పాను. "పారబోసినోడే" అన్న మాటకు ఆయన తల దించుకున్నాడు. "ఇంటోడే" అన్న మాటకు లేచి, చెప్పులు విడిచి లోపలికి వెళ్లాడు.

మిగిలిన ఏడున్నర వారాలు ఆయన వారానికి మూడు రోజులు బోరబండ వెళ్లాడని, పొద్దున్నే బోరింగు దగ్గర గంటసేపు కొట్టాకే బైబిలు తెరిచేవాడని తర్వాత పాస్టరుగారు చెప్పారు. నేను మళ్లీ వెళ్లింది చాలా ఏళ్లకు, రాష్ట్రం వచ్చాక. బోరింగు తీసేశారు. లచ్చవ్వ లేదు. శాంతమ్మ వాళ్లు కిరాయికి వేరే చోటికి మారారు, ఎక్కడికో ఎవరూ చెప్పలేకపోయారు. ఆ మెట్లెక్కి కాసేపు నిలబడ్డాను. ఎన్నో బంద్‌ల గురించి వార్తలు రాశాను, వాటిలో చాలావరకు గుర్తులేవు. ఆ మధ్యాహ్నం మాత్రం బిందె బిందెగా గుర్తుంది. వినయం అంటే మోకాళ్ల మీద కూర్చోవడం అని పొద్దున డేనియల్ అనుకున్నాడు, నేనూ అనుకున్నాను. ఎలా కూర్చోవాలో, ఎక్కడ నిలబడాలో ఇంటివాళ్లు చెప్తే వినడమని సాయంత్రానికి ఇద్దరికీ తెలిసింది.

వెళ్లేవాళ్లకు ఒకే ఒక్క సూచన. మొదటి వారం మీ కార్యక్రమం ఏదీ పెట్టుకోకండి. దిగిన ఇంటి ఇల్లాలిని, దుబాసీని కాదు, "ఈ ఇంట్లో రోజూ కష్టమైన పని ఏది?" అని అడిగి, ఆ వారం అంతా ఆమె చెప్పినట్టు ఆ పని చెయ్యండి.