బావగారి అరచేతి మీద గుడివాడ దాకా

మా అక్క భర్త వెంకటరత్నం బావ బందరులో ముప్పయ్యేళ్ళు డ్రిల్లు మాస్టారుగా చేశారు. రిటైరయ్యాక మొదట వినికిడి పోయింది, తరువాత చూపు. ఏడాదిగా గుమ్మం దాటలేదు. అరచేతి మీద వేలితో అక్షరాలు రాస్తే చదువుకుంటారు. జవాబు మాత్రం నోటితోనే, గ్రౌండులో చివరి వరుసకు వినపడేలా.

చూపూ వినికిడీ రెండూ లేనివారికి గుడివాడలో ఒక కేంద్రం ప్రతి బుధవారం స్పర్శ సైగలు నేర్పుతున్నదనీ, తోడు వెళ్ళేవారికీ పాఠం ఉంటుందనీ తెలిసింది. బావను బతిమాలాను.

"ఒక్కసారి వస్తానురా. నచ్చకపోతే మళ్ళీ నా జోలికి రాకు" అన్నారు.

ఉదయం 7.10కి ప్యాసింజరు కదిలింది. "పెడన సమీపిస్తున్నది. కుడివైపున అద్దకం బట్టలు ఆరవేసి ఉన్నవి" అని నేను రాయడం ముగించేసరికి పెడన వెళ్ళిపోయి వడ్లమన్నాడు వచ్చింది. సమయం 7.36.

ఎదుటి సీటులో ఎండుచేపల బుట్టతో కూర్చున్నావిడ అడిగింది: "ఏం మావయ్యగారూ, ఆయన చేతి మీద రామకోటి రాస్తన్నారా?"

"ఏ ఊరొచ్చిందో చెబుతున్నానమ్మా. ఆయనకి కనపడదు, వినపడదు."

"ఊరి పేరు తర్వాత. టీ వచ్చింది, అది చెప్పండి ముందు!" అంటూ వేడి కప్పు తీసి బావ చేతికి ఆనించింది.

"ఇదీ సమాచారమంటే!" అన్నారు బావ. పెట్టెలో నిద్రపోతున్నవాళ్ళంతా లేచారు.

8.25కి గుడివాడలో దిగి, ఆటోలో పది నిమిషాలకు కేంద్రం చేరాం. టీచరమ్మ ముందుగా బావకు రెండు సైగలు నేర్పింది: భుజం మీద ఒకసారి తడితే ఆగు, రెండుసార్లు తడితే నడువు. తరువాత గంతలు తెచ్చి నా చేతికిచ్చింది.

"పొరపాటు పడుతున్నారమ్మా. నేను తోడు మనిషిని."

"తోడొచ్చినవారికి మొదటి పాఠం ఇదేనండీ. ఇవాళ మిమ్మల్ని ఆయన నడిపిస్తారు."

గంతలు కట్టి, చెవుల్లో దూది పెట్టారు. బావ హాలు గోడ పొడవునా కట్టిన తాడు ఒక చేత్తో, నా మోచెయ్యి మరో చేత్తో పట్టుకుని ధీమాగా బయలుదేరారు. కాసేపటికి మోచెయ్యి వదిలి భుజం మీద తట్టారు. ఒకటా, రెండా? ఆలోచిస్తూనే నాలుగడుగులు వేశాను. బల్ల తగిలిందనుకుని కూర్చుంటే, అది మరో విద్యార్థి ఒళ్ళు! ఆ పెద్దమనిషి నా తలంతా నిదానంగా తడిమి, కొత్తవాణ్ణని గ్రహించి, వీపు నిమిరారు.

గంతలు విప్పేసరికి టీచరమ్మ బావ చేతిలో ఏదో రాస్తున్నది. "ఒళ్ళోనా!" అని బావ గోడకు ఆనుకుని నవ్వారు. ఆ నవ్వు విని ఏడాదయింది.

స్టేషను దగ్గర హోటల్లో పన్నెండున్నరకు భోజనం, 2.50కి తిరుగు బండి. కేంద్రం నచ్చిందా అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. నచ్చలేదని ఒక్క ముక్క అన్నారంటే మళ్ళీ ఇంట్లోనే ఉండిపోతారు. గుడ్లవల్లేరు దాటాక ఆయనే నోరు విప్పారు.

"వచ్చే బుధవారం కూడా పోదాంరా. నిన్నిలా సగంలో వదిలేస్తే ఎలా? నీకింకా ఏమీ రాలేదు!"

"సరే" అని రాశాను.

పెట్టెలో వాళ్ళంతా నా వైపు జాలిగా చూశారు. ఒకాయన జరిగి, కిటికీ పక్కన నాకు చోటిచ్చాడు.