కనకలక్ష్మి మొక్కు, నరేందర్ జీపు

నార్సింగిలో నరేందర్ ఇంటి ముందున్న జీపును చూసి కొత్తవాళ్లు అబ్బో అనుకుంటారు. గల్లీవాళ్లు మాత్రం, "ఇంకా ఈడనే ఉన్నదా?" అని అడుగుతారు. కొండలెక్కడానికి, వాగులు దాటడానికి, అడవుల్లో తిరగడానికి కొన్న బండి అది. నాలుగేళ్లలో అది దాటిన పెద్ద అడ్డంకి ఏదంటే, గల్లీ మలుపులో ఎవరో తవ్వి వదిలేసిన గుంట.

నరేందర్ చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పేసుకోవాలి, తర్వాత చెప్పబోతే అతని భార్య కనకలక్ష్మి ఒప్పుకోదు. రాయదుర్గంలో ఒక ఆఫీసు టవరులో ఉద్యోగులను ఇళ్లకు చేర్చే క్యాబులను పంపించే పని అతనిది. ఏ బండి ఎక్కడ ఇరుక్కుందో, ఏ డ్రైవరు ఏ సాకు చెబుతాడో ఫోన్ ఎత్తకముందే చెప్పగలడు. ఊరందరినీ వేళకు ఇల్లు చేర్చే ఈ మహానుభావుడు సొంత పెళ్లాన్నీ, బిడ్డనూ ఒక్క గుట్ట దాకా తీసుకుపోలేకపోయాడు. కనకలక్ష్మి కడుపుమంటంతా అదే.

మొక్కు ఆమెది. కూతురు పింకీకి ఆరేళ్లప్పుడు డెంగీ వచ్చి, దవాఖానలో కళ్లు తెరవకుండా పడి ఉంటే, ఆ మంచం పక్కనే నిలబడి పుట్టింటి దేవతను తలచుకుంది. వికారాబాద్ దాటాక తుమ్మలగుట్ట మీద ఉంటుంది ఆ ఎల్లమ్మ. "తల్లీ, నా బిడ్డ లేచి నడిస్తే ముగ్గురం వస్తం. దాని నెత్తి మీదనే నీ బోనం ఎత్తిస్త" అంది. పిల్ల లేచింది. ఒంట్లో కాస్త సత్తువ రాగానే అప్పటి చిన్న కారులో బయల్దేరారు. వానాకాలం. గుట్ట కింది వాగులో, సరిగ్గా నడిమధ్యలో, కారు ఆగిపోయింది. తలుపు సందుల్లోంచి నీళ్లు లోపలికి వచ్చాయి. బోనం కుండ ఒరిగి పగిలింది. ఎవరో రైతు ట్రాక్టరుకు తాడు కట్టి లాగితే గట్టెక్కి, వచ్చిన దారినే ఇంటికి వచ్చేశారు.

మర్నాడు పొద్దున నరేందర్ తేల్చి చెప్పాడు. "గా కారుతోని గాదు కనకా. ఫోర్ వీల్ జీపు గావాలె."

సరే అంది కనకలక్ష్మి. ఆ సరే అన్నందుకు ఇప్పటికీ తన నోటిని తనే తిట్టుకుంటోంది.

ఏదో ఆఫీసువాళ్లు వేలంలో వదిలించుకున్న పాత జీపు దొరికింది. ఇంజను గట్టిది, కానీ నాలుగు చక్రాలనూ కలిపి తిప్పే గేరు పడదు. నార్సింగి చౌరస్తా దగ్గర షెడ్డు ఉన్న మెకానిక్ స్వామి దాన్ని బాగుచేశాడు. ఇక పోదామా అంటే, టైర్లు అరిగిపోయాయన్నాడు నరేందర్. మామూలు టైర్లు వేయించుకుంటే కథ అక్కడితో అయిపోయేది. బురదను పట్టుకునే పెద్ద టైర్లు తెచ్చాడు. అవి మడ్‌గార్డులకు రాసుకున్నాయి. అవి తగలకుండా కమాను పట్టీలు మార్చి బండిని పైకి లేపారు. లేపేసరికి స్టీరింగ్ తిరగనంది. స్టీరింగ్ మార్చారు. అంత బరువును ఆపాలంటే బ్రేకులు చాలవన్నారు. బ్రేకులయ్యాక, బురదలో దిగబడితే లాక్కోవడానికి ముందు బంపరుకు ఇనుప తాడు చుట్టిన మోటారు వచ్చింది. ఆ మోటారు తిరగాలంటే పాత బ్యాటరీ సరిపోదట.

"ఏంది స్వామీ గిది? ఒకటి పెడితే ఇంకోటి పోతది, అది పెడితే మల్ల ఇంకోటా?" అని కనకలక్ష్మి ఒకసారి షెడ్డుకే వెళ్లి నిలదీసింది.

"నన్నంటే ఏం లాభం వదినా? చాలన్నా, ఇగ పోయిరా అని నేను మస్తు సార్లు చెప్పిన. అన్న ఇనడు" అన్నాడు స్వామి, జీపు కిందనుంచి తల బయటపెట్టకుండానే.

దీనికి తోడు పైపోర్షన్‌లో కిరాయికి ఉండే తేజ ఒకడు. భీమవరం కుర్రాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆదివారం వస్తే చాలు, ఫోన్‌లో వీడియోలు పట్టుకుని దిగుతాడు. "అన్నా, వాగులో దిగాలంటే ఈ గొట్టం తప్పదండి. ఇంజను గాలిని పైనుంచి పీల్చుకుంటుంది, నీళ్లు లోపలికి పోవు" అన్నాడు. ఇంకేం, బానెట్ పక్కనుంచి టాపు పైదాకా ఒక నల్లటి గొట్టం లేచింది. టాపు మీద సామాన్లకు ఇనుప క్యారియరు, దాని నెత్తిన లైట్ల వరుస.

"తేజా, నువ్వు జర పైననే ఉండు బిడ్డా, కిందికి రాకు" అంది కనకలక్ష్మి. వాడు నవ్వాడు. ఆమె నవ్వడానికి అనలేదు.

కొత్త సామాను వచ్చినప్పుడల్లా మంచిరోజు చూసి కొబ్బరికాయ కొట్టాలి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాలి. ఇంట్లో పులిహోరకు నిమ్మకాయ ఉండేది కాదు. పోనీ బస్సులో పోయివద్దామంటే, "జీపు పెట్టుకొని బస్సేంది? నలుగురు నవ్వుతరు" అనేవాడు. ఇప్పుడు మాత్రం నవ్వట్లేదా!

ఆమె బాధ నలుగురి నవ్వు కాదు. పింకీ దగ్గితే భయం, ఒళ్లు కాస్త వెచ్చబడితే భయం. తీర్చని మొక్కు నెత్తి మీద ఉండగా ఏ జ్వరాన్నీ మామూలు జ్వరమని అనుకోలేకపోయేది. బడినుంచి ఫోన్ వస్తే ఎత్తకముందే ఎల్లమ్మకు దండం పెట్టుకునేది. ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పినా నరేందర్ తలూపేవాడు. "గంతే కనకా, ఇంకొక్కటి అయితే అయిపాయె" అనేవాడు.

ఈ ఆషాఢంలో ఆ ఇంకొక్కటి మళ్లీ వచ్చింది. శనివారం భోజనం దగ్గర, వెనక చక్రాలు రెండూ ఒకేసారి తిరిగే లాక్ ఏదో ఉందనీ, అది పెట్టిస్తే ఇక ఫికరే లేదనీ మొదలుపెట్టాడు. కనకలక్ష్మి అతని ముందున్న కంచం తీసేసింది. అందులో ఇంకా అన్నం ఉంది.

ఆదివారం పొద్దున్నే తలంటు పోసుకుంది, పింకీకి పోసింది. బెల్లం వేసి అన్నం వండి, కుండకు పసుపు కుంకుమలు పెట్టి, వేపమండలు కట్టి, పైన దీపం ప్రమిద పెట్టింది. పీట వేసుకుని ఆ జీపులోకి ఎక్కింది. పీట లేకుండా ఆ ఎత్తుకు ఎక్కడం మనిషి తరం కాదు. కుండను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"సిద్ధం జేసిన బోనం అమ్మకు ఇయ్యకుండ దించొద్దు. నువ్వు తోలుతవా, నన్ను దిగి నడవమంటవా?"

నరేందర్ ఆమె ముఖం చూశాడు, తాళం చెవి తెచ్చాడు.

ఔటర్ రింగ్ రోడ్డు కింది నుంచి శంకర్‌పల్లి దారి పట్టారు. ఆ టైర్ల హోరులో మాటలు వినబడవు, అదీ ఒకందుకు మంచిదే అయింది. వికారాబాద్ దాటి, ఊరి మలుపు తిరిగి, గుట్ట కనబడే చోటికి వచ్చేసరికి నరేందర్ బండి ఆపేశాడు.

దారి మునుపటి దారిలా లేదు. సిమెంటు రోడ్డు వేశారు. వాగు మీద కొత్త వంతెన కట్టారు. వంతెనకు ఇవతల, మొరం మట్టి మోసే టిప్పర్లు పోకుండా, రెండు స్తంభాల మధ్య మనిషెత్తుకు పైన అడ్డంగా ఇనుప కమ్మీ పెట్టారు. దాని కింద నుంచి ఆటోలు పోతున్నాయి, కార్లు పోతున్నాయి, బోనాలతో ఆడవాళ్లు పోతున్నారు. నరేందర్ జీపు మాత్రం పోదు. గొట్టం తగులుతుంది, క్యారియరు తగులుతుంది, దాని మీది లైట్లు తగులుతాయి.

కనకలక్ష్మికి నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. ఒళ్లంతా మండిపోయింది.

"సూడు, మంచిగ సూడు! ఆటో పోతున్నది. గా ముసలాయన స్కూటరు పోతున్నది. గీ నాలుగేండ్ల సోకు మాత్రం పోదు!"

"జర ఆగు, పానా ఉన్నది. క్యారియర్ ఇప్పుత, గొట్టం ఇప్పుత..."

"ఇప్పు. మల్ల టైర్లు గూడ ఇప్పు! బోనం ఒళ్లో పెట్టుకొని నేను పొద్దు గూకేదాక ఈడనే కూసుంట!"

పక్కన ఆటో ఆగింది. తల నెరిసిన డ్రైవరు ఎల్లయ్య, "గుట్టకేనా చెల్లె? ఎక్కుండ్రి, జాగ ఉన్నది" అన్నాడు. పింకీ దూకేసింది. కనకలక్ష్మి కుండ పట్టుకుని జాగ్రత్తగా దిగింది. నరేందర్ దిగాడు గానీ కదల్లేదు. పానా చేతిలో పెట్టుకుని వాగు వైపు చూస్తున్నాడు. కింద నీళ్లు ఎర్రగా పారుతున్నాయి.

"ఏమయ్యా, వస్తవా రావా?"

"గాడ్నే కనకా కారు ఆగింది. గా బండరాయి పక్కన" అన్నాడు. "నీళ్లు లోపటికి వచ్చినంక పింకీ సీటు మీదికెక్కి నిలవడ్డది. డాడీ, ఇప్పుడెట్ల అని అడిగింది. నా దగ్గర జవాబు లేకుండె. అప్పటిసంది ఏ సామాను పెట్టినా, గా మాటనే ఇనవడ్తది. ఇది చాలదు, ఇంకోటి గావాలె అనిపిస్తది."

కనకలక్ష్మి నోట్లో ఉన్న తిట్టు అక్కడే ఆగిపోయింది. ఇన్నాళ్లూ ఈ జీపు గోలను మగవాళ్ల ఆటబొమ్మ పిచ్చి అనుకుంది. ఈ మనిషి భయపడుతున్నాడని ఒక్కనాడూ అనుకోలేదు. జాలి వేసింది. జాలితో పాటే కోపం ఇంకా ఎక్కువైంది.

"గీ ముక్క అప్పుడే చెప్తే నీ నోట్లకెల్లి ముత్యాలు రాలుతుండెనా? నీ భయం నువ్వు, నా భయం నేను, ఒక్కింట్ల ఉండి చెరో మూల మోసుకుంట కూసున్నం!"

పింకీ వాళ్లిద్దరినీ వింతగా చూసింది. "నీళ్లు వచ్చినయా డాడీ? నాకు యాదికే లేదు. ట్రాక్టర్ ఎక్కింది యాదికున్నది. గా తాత మక్కకంకి కాల్చి ఇచ్చిండు. మస్తుండె."

నరేందర్ పానాను జీపు సీటు మీద పడేసి వచ్చాడు.

నడిచే వస్తామని ఎల్లయ్యను పొమ్మన్నారు. కనకలక్ష్మి దీపం వెలిగించి, బోనాన్ని పింకీ తల మీద పెట్టి, పక్కనుంచి చెయ్యి ఆనించింది. రెండో పక్క నరేందర్. ముగ్గురూ వంతెన మీద నడిచారు. సరిగ్గా మధ్యకు రాగానే నరేందర్ చెయ్యి పింకీ భుజాన్ని గట్టిగా పట్టుకుంది. "డాడీ, గట్ల పట్టుకోకు, బోనం ఒరుగుతది" అంది పిల్ల. అతను పట్టు సడలించాడు గానీ, వదల్లేదు.

గుట్ట మీద బోనం దింపాక కనకలక్ష్మి చాలాసేపు మొక్కింది. కొత్తగా ఏమీ కోరుకోలేదు. ఏడుపు వచ్చింది, హాయిగా ఏడ్చింది.

తిరిగి వచ్చేసరికి జీపు వెనక ఆటోలు బారులు తీరాయి. హారన్లు. ఆ బండి వంతెన దారిని సగం ఆక్రమించి నిలబడి ఉంది.

"మల్ల ఎప్పుడొస్తం డాడీ?" అంది పింకీ.

నరేందర్ జీపును చూశాడు, పైన ఇనుప కమ్మీని చూశాడు, నోరు తెరిచాడు. ఇక చెబుతాడు లాక్ సంగతి అనుకుంది కనకలక్ష్మి.

"నువ్వు ఎప్పుడంటే అప్పుడు బిడ్డా" అన్నాడు. "ఏ బండి దొరికితే గా బండ్ల."

కనకలక్ష్మి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"సరే సరే. ముందు దీన్ని రివర్స్ తియ్యి. జనం తిడుతున్నరు."