గంజి పెట్టిన విమానం

ఆ రోజుల్లో మాకు తెలియని విద్యంటూ లేదు. తెలియనిదల్లా మాకేమీ తెలియదన్న సంగతే. తాడేపల్లిగూడెంలోకి మోటారు కారు వస్తేనే జనం వెంటపడే ఆ ముప్ఫైల కాలంలో, రైసుమిల్లులో ఫిట్టరుగా ఉన్న మా అక్కయ్య భర్త విమానం కట్టడానికి పూనుకున్నారు. విడిభాగాలు తెప్పించుకుని, వాటితో వచ్చే కాగితాల్లో చూపినట్టు బిగించుకుంటే ఎగురుతుందట. ఆ సామాను సీమ నుంచి ఓడ మీద మద్రాసుకు, అక్కణ్ణించి గూడ్సు బండిలో మా ఊరికి దిగింది. "ఒక్కసారి కొల్లేటిని పైనుంచి చూడాలిరా, కొంగలు చూసినట్టు. అంతకన్నా నాకేం అక్కర్లేదు" అనేవారు బావగారు. ఆ ఒక్కసారి కోసం రెండేళ్ళు ఆదివారమన్నది ఎరగరు.

చెక్కపని, ఇంజను ఆయనవి. రెక్కలకు గుడ్డ తొడిగి, అది బిగిసేలా డబ్బాలో వచ్చిన మందు పూయడం నా వంతు. (అప్పుడే మిల్లులో గుమాస్తాగా చేరాను, పెళ్ళిచూపులు కూడా నడుస్తున్నాయి.) ఆ మందు పూస్తే ఏదైనా తళతళలాడేది. సైకిలు మడ్‌గార్డులకు పూశాను, చెప్పులకు పూశాను, మూత పెట్టడం మరిచాను. మిగిలింది కాస్తా గడ్డకట్టింది. చెప్పడానికి నోరు రాలేదు. పంచెకు పెడితే నిలబడేది రెక్కకు పెడితే నిలబడదా అనుకుని, బావగారు లేనప్పుడు చిక్కటి గంజి కాచి రెండు పూతలు పూశాను. ఆయన వేలితో కొట్టి చూసి "డప్పులా మోగుతోందిరా! నీ చేతిలో పనితనం ఉంది" అని మురిసిపోయారు.

వేసవి మొదట్లో కొల్లేరు వెనక్కి తగ్గాక, ఎండిన అంచున విమానాన్ని నిలిపాం. రాత్రంతా మంచు కురిసింది. పొద్దున్నే చూద్దును కదా, రెక్కల మీద గుడ్డ పిండి ఆరేసిన దుప్పటిలా వేలాడుతోంది. గంజి కాస్తా కరిగిందని నాకు తెలిసిపోయింది. బావగారు అప్పటికే ఎక్కి కూర్చున్నారు.

"గుడ్డ బాగానే బిగించావు కదరా?"

"బిగించానండి, బావగారూ."

విమానం అరమైలు పరుగెత్తింది, జానెడు కూడా లేవలేదు. చివరికి బురదలో దిగబడింది. చూడవచ్చిన ముసలి జాలరి ఒకాయన ఓదార్చాడు: "ఎగరకపోతే పోనీండి బాబూ, నేల మీదన్నా భలే పరుగెత్తిందండి!" అందరూ నవ్వారు. బావగారు మాత్రం దిగి, వేలాడుతున్న రెక్కను తడిమి, తన పొట్ట వైపు చూసుకున్నారు. "నా బరువుకే వదులైపోయిందిరా" అన్నారు. అప్పుడైనా చెప్పి ఉండవలసింది. చెప్పలేదు.

ఆ రోజు నుంచి ఆయన నెయ్యి మానేశారు. విమానం చెక్కలు వంటచెరకైపోయినా ఆ పట్టు వదల్లేదు. ఎప్పుడు భోజనానికి వెళ్ళినా గిన్నె నా వైపు జరిపి "నువ్వు వేసుకోరా, నువ్వెగరక్కర్లేదుగా" అనేవారు. సిగ్గులేకుండా వేసుకునేవాణ్ణి. మొన్న డాక్టరు నన్ను కూడా నెయ్యి మానమన్నాడు. నవ్వుకుని మానేశాను. ఇప్పుడు నిజం చెప్పుకుందామన్నా బావగారు లేరు.