ఎంగిలి బామ్మ

సీతారత్నంగారికి లోకంలో ఒక్కటే శత్రువు: ఎంగిలి. అది ఎక్కడ దాక్కున్నా ఆవిడ కంట పడి తీరాల్సిందే. కోడలు యామిని చిలకలగూడలో నడిపే ప్లేస్కూలుకు సాయంగా వచ్చి, నెల తిరక్కుండానే ఎంగిలి మీద యుద్ధం ప్రకటించారు.

లంచ్ బెల్లు కొడితే చాలు, కొంగు బొడ్లో దోపేవారు. ఒకరి డబ్బాలోకి ఇంకొకరి చెయ్యి వెళ్లిందా, కేక!

"ఒరేయ్, ఎంగిలి! కడుక్కో!"

"నేనింకా తినలేదు బామ్మా!"

"తినబోయావుగా! అదీ ఎంగిలే!"

తిన్నాక మళ్లీ అందరికీ సబ్బుతో చేతులూ మూతులూ. ఒకరోజు చెక్కగుర్రాన్ని కూడా కడిగించారు.

"అది బొమ్మ కదా అత్తయ్యా!"

"మూతి చూడవే. ఏదో తిన్న మొహంలాగే లేదూ?"

యామినికి తల కొట్టేసినట్టుండేది. గోడ మీద 'పంచుకుని తిందాం' అని తనే రంగు కాగితాలతో అక్షరాలు అంటించింది. సరిగ్గా వాటి కిందే నిలబడి ఈవిడ ఎంగిలి, ఎంగిలి అని అరుపులు! ఈ రోజుల్లో ఈ చాదస్తమేమిటని పిల్లల తల్లులు అనుకోరూ? అనుకోవడమేమిటి, కల్పలత వచ్చి మొహం మీదే అనేసింది.

"ఏంది మేడం, పిల్లలకు గిట్ల నేర్పుతున్నరు? నిన్న వాళ్ల డాడీ ముద్దు వెడితే మా శ్రీలలిత ఎంగిలని మొహం కడుక్కున్నది! గిట్లనే ఉంటే వేరే స్కూల్ల వేస్తా."

యామిని సిగ్గుతో చచ్చిపోయింది. అత్తగారిని ఇక ఇంటిపట్టునే ఉండమని చెప్పేయాలనుకుంది.

ఆ సాయంత్రం వంటింట్లో, మాట ఎలా మొదలుపెట్టాలో తోచక, సగం తాగిన టీ గ్లాసు గట్టు మీద పెట్టింది. సీతారత్నంగారు దాన్ని తీసుకుని గటగటా తాగేశారు.

"అత్తయ్యా! అది నా ఎంగిలి!"

"అయితే ఏమైందే? చల్లారిపోతోందిగా."

"మరి స్కూల్లో..."

ఆవిడ గ్లాసు దించారు. "మన స్కూల్లో పృథ్వీకి వేరుశనక్కాయ పడదుగా. చట్నీ చెయ్యి తగిలినా ప్రమాదమేనని వాళ్లమ్మ చెప్పింది. నువ్వు వాడొక్కడికే మూల బల్ల వేశావు. వాడు నన్ను అడిగాడే, 'బామ్మా, నేనేం అల్లరి చేశాను?' అని. వేరుశనక్కాయ అంటే వాడొక్కడే వేరవుతాడు. ఎంగిలంటే అందరూ ఒకటే. అందుకే వాణ్ణి తెచ్చి అందరితో చాప మీద కూర్చోబెట్టాను."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"చెబితే వాడి పేరుతో సర్క్యులర్ వేస్తావు."

యామిని తలెత్తలేకపోయింది. ఇన్నాళ్లూ అత్తగారి గురించి పడ్డ సిగ్గంతా తిరిగి తిరిగి తన నెత్తినే పడింది. ఆ పసివాడు తనను కాక ఆవిడను అడిగాడంటే, తన మొహం వాడికి ఎలా కనిపించిందో!

మర్నాడు పొద్దున్నే వెళ్లి గోడ మీది అక్షరాలు పీకేసింది. మూల బల్ల అవతల పారేయించింది. ఆ హడావిడిలో వీధి చివరి బండి దగ్గర నిలబడే నాలుగు ఇడ్లీలు తిని, పరుగున క్లాసులోకి వచ్చింది. ఎదురుగా పృథ్వీ. ప్రేమ పొంగుకొచ్చి, తల నిమురుదామని చెయ్యి చాపింది.

"టీచర్!" శ్రీలలిత చేతులు బార్లా చాపి అడ్డం నిలబడింది. "మీ చేతికి చట్నీ! ఎంగిలి!"

యామిని వేళ్లు చూసుకుంది. పల్లీ చట్నీ! చప్పున చెయ్యి వెనక్కి లాక్కుంది.

"కడుక్కో! కడుక్కో!" క్లాసంతా గోల. అందరికంటే గట్టిగా పృథ్వీ.

గుమ్మంలో కూతుర్ని దింపడానికొచ్చిన కల్పలత నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. "నా బిడ్డ టీచర్‌ను సుత వదుల్తలేదు!"

యామిని తల వంచుకుని కుళాయి దగ్గరికి నడిచింది. వెనకనించి అత్తగారి కేక వినిపించింది.

"సబ్బుతోనే అమ్మాయ్!"