రెండూ కావాలన్న మరియమ్మ

ఏడేళ్ళుగా ఒక సంగతి కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. అది అరగదు, బయటికీ రాదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నాను.

నర్సీపట్నం చుట్టుపక్కల నేను రాసివ్వని ఉపన్యాసం లేదు. నా వాక్యం పడితే ఓడిపోయేవాడు గెలిచేవాడు. పెద్ద పెద్ద నాయకులు మా అరుగు మీద నా కోసం కాచుకునేవారు.

అబద్ధం. నేనెరిగిన నాయకుడు ఒక్కడే, మండల స్థాయి వాడు. కాచుకున్నది కూడా నేనే, అతని అరుగు మీద. రిటైరైన తెలుగు మేష్టరుకి చప్పట్ల ఆకలి ఎలా ఉంటుందో మీకెలా చెప్పను?

నాతవరం వైపు ఒక ఊరికి తారు రోడ్డు మంజూరైంది. ఆ ఊరి బడి స్థలం నాయకుడి బావమరిదికి జీడిపిక్కల షెడ్డు కోసం కావాలి. పిల్లలు తక్కువున్నారు, ఊరు ఒప్పుకుంటే బడి ఎత్తేయవచ్చు. ఊరి చేత ఎలా ఒప్పించాలా అని వాళ్ళు తల పట్టుకుని కూర్చుంటే నేనే ముందుకు జరిగి అందించాను: రోడ్డు కావాలా, బడి కావాలా అని అడగండి చాలు.

గ్రామసభలో మైకు నాకే ఇచ్చారు. ఒక్కొక్కరు ఒక్కసారే చెయ్యెత్తాలని షరతు పెట్టాను. బడిలో మధ్యాహ్న భోజనం వండే మరియమ్మ రోడ్డుకీ ఎత్తింది, బడికీ ఎత్తింది. చెల్లదన్నాను.

"రోడ్డుకీ బడికీ ఏటి సంబంధం మేష్టారండీ? రెండూ ఎందుకుండకూడదో సెప్పండి," అంది.

"అంటే నీకు రోడ్డు అక్కర్లేదన్నమాట. రేపు నీ కోడలికి నొప్పులొస్తే అంబులెన్సుని గట్ల మీద మోసుకొస్తావేటి?"

సభంతా నవ్వింది.

"నేనలా అనలేదండీ," అంది మెల్లిగా. ఎవరికీ వినబడలేదు. మైకు నా చేతిలో ఉంది కదా.

ఆమె అనని మాటను ఆమె నోట్లో పెట్టి, ఆ మాటకే జవాబు చెప్పాను. ముప్పై ఏళ్ళు క్లాసులో నేను చెప్పిందేమిటి? ఎవడైనా రెండే దారులు చూపిస్తే మూడోది ఎందుకు దాచాడో అడగండిరా అని. మరియమ్మ అదే అడిగింది. నా దగ్గర చదవకుండానే అడిగింది.

రోడ్డా, బడా అన్న ఆ ప్రశ్న నాయకుడి మనుషులు రాయించారని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పుకున్నాను. పెద్దవాళ్ళు చెబితే కాదనలేకపోయానని మా ఆవిడకి కూడా చెప్పాను. ఎవరూ రాయించలేదు. ఇంకోటి కూడా ఉంది, ఇదే అసలుది. రోడ్డు మంజూరు కాగితం సభకి ముందురోజే నేను చదివాను. అందులో బడి ఊసే లేదు. బడి ఉన్నా రోడ్డు వచ్చేది. తెలిసే అడిగాను. ఆ నవ్వులు వింటూ లోపల పొంగిపోయాను కూడా.

ఇప్పుడు పిల్లలు ఆ రోడ్డు మీదే షేర్ ఆటోలో వేలాడుతూ పక్క ఊరి బడికి వెళ్తున్నారు. బడి ఉన్న చోట షెడ్డు ఉంది. మరియమ్మ అందులో జీడిపిక్కలు కొడుతోంది. మొన్న సంతలో కనబడి, "బాగున్నారా మేష్టారండీ?" అని పలకరించింది. జీడి రసానికి వేళ్ళన్నీ నల్లగా కాలిపోయి ఉన్నాయి. బాగున్నానని తలూపి, బేరం మధ్యలో వదిలేసి వచ్చేశాను.

చెప్పవలసింది ఆమెకి. ఆ ధైర్యం నాకు లేదు, ఇకముందు వస్తుందని బుకాయించను. మీకు చెప్పాను. ఛాతీ కాస్త తేలికైంది. ఆ తేలిక కూడా నాకు రోతగానే ఉంది.