స్కోప్ లేని సముద్రం

మొన్న శనివారం మధ్యాహ్నం ఇక్కడ సింగపూర్‌లో, వుడ్‌ల్యాండ్స్‌లో మా బ్లాక్ పక్కనున్న తిండి కొట్ల హాకర్ సెంటర్లో టిష్యూ ప్యాకెట్ పెట్టి, ఈ బల్ల మాదేనని ఇక్కడివాళ్ళ భాషలో చోప్ చేసి, అది చాలదన్నట్టు నన్ను కూడా కాపలా కూర్చోబెట్టి, తిండి తేవడానికి వెళ్తూ వెళ్తూ మా అమ్మాయి ఒక ప్రశ్న పడేసి పోయింది. యూనివర్సిటీలో కంప్యూటర్లు చదువుతున్న పిల్ల, దానితోపాటు మైనర్‌గా చరిత్ర కూడా తీసుకుంది. దాన్ని కొనసాగించాలో వదిలెయ్యాలో ఈ వారంలోనే తేల్చుకోవాలట. "చెప్పమ్మా, మైనర్ వర్త్ ఇట్ ఆ, కాదా?" అని, నా జవాబు కోసం ఆగకుండా పోయి చేపల సూప్ దగ్గర నిలబడింది. వరుస బాగా పొడుగ్గా ఉంది. ఆలోచించుకోవడానికి నాకు కావలసినంత వ్యవధి దొరికింది, ప్రాణం మీదికి వచ్చిందీ అదే.

మన తరం వాళ్ళకి ఈ మైనర్ సంగతి వింతగానే ఉంటుంది. పదో తరగతి పాసవగానే ఎంపీసీయా బైపీసీయా అని ఇంట్లో ఒకే ఒక్కసారి అడిగేవారు, ఇక అటు వెళ్ళినవాడు జన్మలో ఇటు తొంగి చూడకూడదు. లెక్కల వాడికి కప్పతో పని లేదు, కప్పను కోసిన వాడికి లెక్కలతో పని లేదు. నేను అనంతపురంలో ఎంపీసీ చదివి, స్కాలర్‌షిప్ మీద సింగపూర్ వచ్చి కంప్యూటర్ ఇంజనీరింగులో చేరాను. అసలు చదువు పక్కనే ఇంకో చదువు కూడా కొంచెం చదువుకోనిస్తారని ఇక్కడికి వచ్చాకే తెలిసింది. ఇన్ని శాస్త్రాలుండగా సముద్రపు జీవుల చదువే ఎందుకు పట్టుకున్నానంటే, మా వీధిలో నీళ్ళంటే బిందె పట్టుకుని కుళాయి దగ్గర పోట్లాడటమే తప్ప ఇంకోటి తెలియదు, సముద్రాన్ని మొదటిసారి విమానం కిటికీలోంచి చూసినదాన్ని. అంత నీళ్ళలో ఎవరుంటారో చూడాలనిపించింది, అంతే.

ఆటు వచ్చి నీళ్ళు వెనక్కి పోయినప్పుడు పడమటి తీరంలో ఒక బురద మేట బయటపడేది. తెల్లవారేసరికి అక్కడ బస్సు దిగి, రబ్బరు బూట్లు తొడుక్కుని, మా ప్రొఫెసరమ్మ వెనకాల ఆవిడ అడుగు పడిన చోటే అడుగేస్తూ నడిచేవాళ్ళం. ఆవిడ పెద్ద వయసు చైనీస్ మనిషి, మాట తక్కువ, కోపం ఎక్కువ. రాయిని తిప్పి చూసినవాళ్ళు దాన్ని మళ్ళీ ఎలా ఉన్నదాన్ని అలా పెట్టి రావాలి, లేకపోతే దాని కింద కాపురమున్నవన్నీ ఎండకి చస్తాయని ఆవిడ నియమం. మరిచిపోయి ముందుకు నడిచిన వాళ్ళని ఎంత దూరం వచ్చినా వెనక్కి పంపేది. సముద్ర నక్షత్రాన్ని పట్టి ఎత్తకూడదు, నీళ్ళలో అరచెయ్యి ఆనించి ఊరుకుంటే అదే ఎక్కుతుంది, ఎక్కకపోతే దాని ఇష్టం అనేది. ఒకరోజు ఎక్కింది. దాని అడుగునుండే సన్నని పాదాలు వేళ్ళ మీద చక్కిలిగిలి పెడుతుంటే, బూట్లలోకి నీళ్ళు వస్తున్నాయన్న సోయి కూడా లేకుండా వంగినదాన్ని వంగినట్టే ఉండిపోయాను. అంత సంతోషం మళ్ళీ పెళ్ళికీ కలగలేదు, ఉద్యోగానికీ కలగలేదు. మా ఆయన తెలుగు చదవరన్న ధైర్యంతో ఈ మాట రాస్తున్నాను.

చదువు సగం దాటాక చిక్కు వచ్చింది. మైనర్ పూర్తి కావాలంటే సెలవుల్లో ఆ తీరం మీదే పని చెయ్యాలి, అవే సెలవుల్లో ఒక బ్యాంకు నుంచి ట్రైనింగుకి పిలుపు. ఇలాంటప్పుడు మనవాళ్ళం ఏం చేస్తాం, పెద్దవాళ్ళని అడుగుతాం. మా పెదనాన్న కొడుకు, అన్నయ్య, అప్పట్లో ఈ వుడ్‌ల్యాండ్స్‌లోనే ఉండేవాడు. ఆదివారం పొద్దున్నే లిటిల్ ఇండియాకి పోయి గోంగూరా మునక్కాయలూ తెచ్చి పడేస్తే వదిన వండేది, తెలిసిన తెలుగు అంకుల్సూ ఆంటీలూ అందరూ ఆ ఫ్లాటుకి వచ్చి చాప మీద భోజనానికి కూర్చునేవారు. ఉద్యోగాలు మారటమైనా, పెళ్ళి సంబంధమైనా ఆ చాప మీదే తేలాలి. పప్పు దగ్గర మొదలైన సంగతి పెరుగు దగ్గరికి వచ్చేసరికి తీర్పు అయిపోయేది.

నా సంగతి వదినే ఎత్తింది. పప్పు కలుపుకుంటున్న ఒక అంకుల్, ఎంపీసీ పిల్లకి పీతలతో ఏం పని అని నిజంగానే ఆశ్చర్యపోయాడు. చారు దగ్గర ఒక ఆంటీ, ఎండలో తిరిగితే నల్లబడిపోతానని దిగులుపడింది. అన్నయ్య అందరి మాటా విని, చివరికి పెరుగన్నం కలుపుతూ మెత్తగా అన్నాడు: "చదువుకో పాపా, ఎవురొద్దన్నారు? కానీ దానికి స్కోప్ ఉండాల కదా. సముద్రం యాడికీ పోదులే, ఉద్యోగం వచ్చినాక తీరిగ్గా చూసుకుందువు." అందరూ తలలూపారు, నేనూ ఊపాను. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. లెక్కలదాన్నై ఉండి అవతలి గ్రూపు వాళ్ళ చదువులోకి దొంగతనంగా దూరానేమోనని నాకే అప్పటికి లోపల బెరుకుగా ఉండేది.

ఎక్కడికీ పోదన్న సముద్రం పోయింది. రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకు ఉద్యోగం వచ్చింది గానీ అన్నయ్య చెప్పిన తీరిక రాలేదు. పిల్ల కాస్త పెద్దదయ్యాక ఒకనాడు దానికి చూపిద్దామని రెండు బస్సులు మారి వెళ్తే, ఆ మేట ఉన్న చోట ఇసుక పోసి గట్టి నేల చేసేశారు, చుట్టూ కంచె, లోపల క్రేన్లు. అక్కడున్న రాళ్ళని తిరిగి యథాస్థానంలో పెట్టే మనిషి ఎవరూ ఉండి ఉండరు. పిల్ల దాహమంటే నీళ్ళు తాగించి తిరిగి తీసుకొచ్చాను. ఇక అంత స్కోప్ ఉన్న ఉద్యోగమూ నిరుడు పోయింది. మేం రాసిన ప్రోగ్రాములు ఇకమీదట మేం లేకుండానే నడుస్తాయని ఎంతో మర్యాదగా చెప్పి పంపేశారు. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను. ఇప్పుడు పొద్దుటి పూట అందరూ రైలుకి పరుగెడుతుంటే కిటికీలోంచి చూస్తూ కూర్చుంటాను, ఏం చెయ్యాలో తోచక చాలాసార్లు ఏడుపొస్తుంది.

అయితే మా అమ్మాయికి చరిత్ర క్లాసు ఉన్న రోజు వేరు. వెనకటి రోజుల్లో ఈ సింగపూర్ రేవులో మూటలు మోసినవాళ్ళు ఏ ఊళ్ళనుంచి వచ్చారో, ఏం తినేవారో, జబ్బు చేస్తే ఎవరు చూసేవారో, సగం ఇంగ్లీషులో సగం తెలుగులో, కలిపిన అన్నం చేతికి ఎండిపోయేదాకా చెబుతూనే ఉంటుంది. ఆ ముఖం నాకు తెలుసు. అందుకే వరుస ముందుకు కదిలేకొద్దీ నా జవాబు గట్టిపడింది. వదలకు తల్లీ, అది దేనికి పనికొస్తుందని ఎవరినీ అడగకు, నన్నసలే అడగకు, అని చెప్పాలనుకున్నాను. చాలా రోజుల తర్వాత గుండె కొంచెం తేలికగా కొట్టుకుంది.

ట్రే తెచ్చి బల్ల మీద పెట్టి, సూప్ గిన్నె నా వైపు జరిపింది. నేను నోరు తెరవబోతుంటే, "నో నీడ్ లా, అమ్మా. వరుసలో ఉండగానే ఫోన్లో డ్రాప్ చేసేశా. ఆలోచిస్తే దానికి స్కోప్ లేదు" అంది. మళ్ళీ తీసుకోవచ్చునేమో చూడమన్నాను. ఎందుకులే, చల్లారిపోతుంది తినమంది.

నన్ను ఆపడానికి ఒక ఆదివారమూ, చాప నిండా పెద్దలూ కావలసి వచ్చారు. దాన్ని ఆపడానికి ఎవరూ అక్కర్లేకపోయింది, చేపల సూప్ చేతికందేలోపు తన తీర్పు తానే చెప్పేసుకుంది. ఇక్కడ పుట్టి పెరిగిన దాని స్నేహితులెవరూ చదువు గురించి మాట్లాడుతూ స్కోప్ అనడం నేను వినలేదు. అది మా ఇంటి భోజనాల బల్ల దగ్గర, నా నోటి నుంచి నేర్చుకున్న మాట.